టెమెన్సిస్ అని కొన్నాను, పెరిగాక కెల్బెరీ అని తేలింది: ఒక మాన్‌స్టర్ ఫిష్ షాపుపై నా రివ్యూ

ఈ షాపు పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో పెద్ద చేపలు పెంచేవాళ్లలో చాలామంది ఒక్కసారైనా ఆ మెట్లెక్కి ఉంటారు. ఓనర్ మంచి మనిషి, నాకు ఆయన మీద కోపం లేదు, ట్యాంకు అద్దం మీద అంటించే పేరు చీటీల గురించే నా బాధంతా. పద్నాలుగు నెలల క్రితం, ఎండలు ముదురుతున్న ఏప్రిల్‌లో, అక్కడ పీకాక్ బాస్ అనే పెద్ద వేట చేప పిల్లల్ని ఐదు కొన్నాను. మామూలుగా ఏదైనా కొన్న వారంలోనే స్టార్లు ఇచ్చేస్తాం కానీ పీకాక్ బాస్ విషయంలో అలా కుదరదు, మూడంగుళాల పిల్ల ఏ జాతిదో అది బాగా ఎదిగాక గానీ పూర్తిగా బయటపడదు, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది. టెమెన్సిస్, ఒరినోకెన్సిస్, మోనోకులస్, కెల్బెరీ, ఇవన్నీ పీకాక్ బాస్‌లో జాతుల పేర్లు. రెండు టెమెన్సిస్, ఒక్కోటి 2,400 రూపాయలు. ఒక ఒరినోకెన్సిస్ 1,200. రెండు మోనోకులస్, ఒక్కోటి 450. మొత్తం 6,900. అన్నీ దాదాపు ఒకే సైజు, అన్నీ మూడంగుళాలకి అటూ ఇటూ. అంటే నేను కట్టిన తేడా మొత్తం చేప సైజుకి కాదు, ఆరోగ్యానికి కాదు, చీటీ మీద రాసిన పేరుకే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా మంచి. ఆ షాపులో పార్శిల్ దిగిన రోజు చేపల్ని అమ్మరు. వెనక గదిలో విడిగా పెట్టి, తిండి పట్టిన తర్వాతే ముందు ట్యాంకుల్లోకి తెస్తారు. నేను అడగకుండానే కుర్రాడు గుప్పెడు పెల్లెట్లు (ఎండు దాణా గుళికలు) వేసి చూపించాడు, ఐదు పిల్లలూ పైకి ఎగబడి తిన్నాయి. పీకాక్ బాస్ పెంచినవాళ్లకి దీని విలువ తెలుసు. బతికిన చేపపిల్లలకి అలవాటుపడ్డ పీకాక్ బాస్‌ని పెల్లెట్ల మీదకి తేవడం అంటే వారాల తరబడి ఓపిక పట్టాలి, ముందు రొయ్య ముక్కలు, తర్వాత రొయ్యలో కలిపిన పెల్లెట్లు, ఒక్కోసారి మూడు రోజులు పస్తు. ఆ కష్టమంతా వాళ్లే పడి నాకు అప్పజెప్పారు. ప్యాకింగ్ కూడా అంతే శ్రద్ధగా చేశారు. ఒక్కో చేపకి ఒక్కో కవరు, దాని మీద ఇంకో కవరు, ఆక్సిజన్ నింపి, పేపర్ చుట్టి, థర్మోకోల్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్ దాటుకుని కూకట్‌పల్లి చేరేసరికి గంటన్నర పట్టింది, ఒక్కటీ వాలిపోలేదు. ఒంటి మీద తెల్ల చుక్కలు లేచే వైట్ స్పాట్ జబ్బు రాలేదు, రెక్కలు చివకలేదు. పద్నాలుగు నెలల తర్వాత కూడా ఐదుకి ఐదూ బతికే ఉన్నాయి.

ఈ చేప గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పేరులో బాస్ ఉంది కానీ ఇది బాస్ కాదు, సిచ్లిడ్ అనే చేపల కుటుంబానిది. మన చెరువుల్లో కనిపించే తిలాపియాకీ, ఆక్వేరియంలో పెంచే ఆస్కార్‌కీ చుట్టం. సొంత ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్, ఒరినోకో నదులూ వాటి ఉపనదులూ. బ్రెజిల్‌లో తుకునరే అంటారు, వెనిజులాలో పావోన్ అంటారు, పావోన్ అంటే నెమలే. తోక మొదట్లో నల్లటి గుండ్రని మచ్చ, దాని చుట్టూ బంగారు రంగు వలయం ఉంటుంది. చిన్నప్పుడు పుస్తకంలో దాచుకున్న నెమలికన్ను గుర్తుందా, సరిగ్గా అదే. ఈ గుంపు మొత్తానికి శాస్త్రం పెట్టిన పేరు సిక్లా.

పేరు సరిగ్గా ఉండాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. టెమెన్సిస్ అంటే ఈ గుంపులో అన్నిటికన్నా పెద్దది. 2010లో బ్రెజిల్‌లో రియో నీగ్రో నదిలో గాలానికి పడిన ఒక టెమెన్సిస్ 13 కిలోల పైచిలుకు తూగింది. దాన్ని నాలుగడుగుల ట్యాంకులో పెడితే అది పెంచడం కాదు, హింస. అందుకని రెండు టెమెన్సిస్ తెస్తున్నానని, వాటి కోసమని, ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ట్యాంకు కట్టించాను. నీళ్లే దాదాపు 1,700 లీటర్లు, అంత బరువు పై అంతస్తులో వద్దని కింద పోర్షన్ ఖాళీ చేయించి అక్కడ పెట్టాం, ఆ పోర్షన్ అద్దె కూడా పోయింది. ఇంట్లో ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. మోనోకులసో కెల్బెరీయో అని ముందే తెలిసుంటే ఇంకా చిన్నదానితో సర్దుకునేవాణ్ని, అవి ట్యాంకులో మామూలుగా అడుగున్నర దగ్గర ఆగిపోతాయి. పేరు తప్పు రాస్తే కొనేవాడు ఇంటి ప్లానే మార్చుకోవాల్సి వస్తుందని షాపులవాళ్లకి తట్టదేమో.

మొదటి ఐదారు నెలలు ఏ అనుమానమూ రాలేదు. నెలకి అంగుళం చొప్పున పెరిగాయి. ఎనిమిది అంగుళాలు దాటాక నేను ఒక గుర్తు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. టెమెన్సిస్‌కి కంటి వెనక, చెంప మీదా మొప్ప మూత మీదా నల్లటి మరకలు వస్తాయి. ఒంటి మీద తెల్లటి చుక్కలు వరుసలు కట్టి, ఎవరో సుద్దతో అడ్డంగా చుక్కల గీతలు గీసినట్టు కనిపిస్తాయి. షాపులో పెద్ద ట్యాంకులో షోకి పెట్టిన చేపకి అవి అచ్చంగా ఉన్నాయి, అది నిజమైన టెమెన్సిసే, అందులో నాకు ఎప్పుడూ సందేహం లేదు. దాన్ని చూసే నేను ఆశపడ్డాను. మా ఇంటి చేపల చెంపలు మాత్రం శుభ్రంగా, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో అలాగే ఉండిపోయాయి. తొమ్మిది అంగుళాలయ్యాయి, పది అయ్యాయి, ఒక్క మరక లేదు.

ఒకరోజు రాత్రి లైట్లు తీసేసే ముందు మా పాప ట్యాంకు ముందు కింద కూర్చుని ఉంది. "నాన్నా, దీనికి కింద రెక్క మీద ముత్యాలు వచ్చాయి చూడు" అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూశాను. పొట్ట కింది రెక్కల మీద, దాని వెనక గుద రెక్క మీద, తోక రెక్క కింది సగంలో, ఆవగింజంత లేత చుక్కలు. ఎర్రటి రెక్క మీద పసుపు కలిసిన తెల్లటి చుక్కలు, తోక పై సగంలో వేరే రకం మచ్చలు ఉంటాయి కానీ ఇవి కింది సగంలో విడిగా, స్పష్టంగా ఉన్నాయి. చేప మెల్లగా తిరిగింది, రెండో వైపూ అంతే. ఈ గుర్తు ఒక్క కెల్బెరీదే. టోకాంటిన్స్, అరగ్వాయా నదుల చేప. నేను 2,400 పెట్టి కొన్న టెమెన్సిస్ కెల్బెరీ. ఇంకో వారం గమనిస్తే రెండో టెమెన్సిస్‌కీ అవే చుక్కలు కనిపించాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పాత వీడియోలు తీశాను. కొన్న రోజు షాపులో నేనే తీసిన వీడియో ఉంది, పిల్లలు పెల్లెట్లు తింటున్న వీడియో. ఆపి, పెద్దది చేసి చూస్తే అందులోనే అంతా ఉంది. ఈ రివ్యూలో మీకు నిజంగా పనికొచ్చే ముక్క ఇదే కాబట్టి నిదానంగా రాస్తాను. టెమెన్సిస్ పిల్లకి ఒంటి పక్కన ఒక నల్ల గీత ముందు నుంచి తోక మొదలు దాకా తెగకుండా సాగుతుంది, మధ్యలో మచ్చలు ఉన్నా ఆ గీత వాటిని కలిపేస్తుంది. మోనోకులస్, కెల్బెరీ, ఓసెల్లారిస్, ఒరినోకెన్సిస్, వీటి పిల్లలకి అలా ఉండదు. మూడు నల్ల మచ్చలు విడివిడిగా ఉంటాయి, గీత మూడో మచ్చ దగ్గర మాత్రమే మొదలై తోక దాకా పోతుంది. గీత తెగకుండా ఉన్నంత మాత్రాన టెమెన్సిస్ అని ఖాయం చేయలేం, పినిమా, దాని దగ్గరి జాతుల పిల్లలకీ అలాగే ఉంటుంది. కానీ మూడు మచ్చలు విడిగా, మధ్యలో ఖాళీతో కనిపిస్తే అది టెమెన్సిస్ కాదని మాత్రం చెప్పేయొచ్చు. నా వీడియోలో రెండు "టెమెన్సిస్" పిల్లలకీ మూడేసి మచ్చలు విడివిడిగా ఉన్నాయి. పక్క ట్యాంకులో 450 రూపాయల మోనోకులస్ పిల్లలకీ అవే మూడు మచ్చలు. చూడటానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి, ధరలో తేడా ఐదు రెట్లు దాటింది.

మోనోకులస్ అని కొన్నవాటి సంగతి. వాటిలో ఒకటి నిజంగానే మోనోకులస్ అని నేను అనుకుంటున్నా. వీపు మీంచి దిగే మూడు నల్ల చారలు ఒంటి మధ్యకి వచ్చేసరికి సన్నబడి ఆగిపోతాయి, పక్క రెక్క వెనక పొట్ట మీద క్రమం లేని నల్ల మరకలు ఉన్నాయి, కింది రెక్కలు చుక్కలు లేకుండా నున్నగా ఉన్నాయి. ఆ పొట్ట మరకలు ముఖ్యం, ఓసెల్లారిస్‌కి అవి ఉండవు, కెల్బెరీకి ఉంటాయి. రెండో మోనోకులస్‌కి పదో నెలలో రెక్కల మీద చుక్కలొచ్చాయి, అంటే అదీ కెల్బెరీయే. ఒకే ట్యాంకులో, ఒకే చీటీ కింద, రెండు జాతులు.

ఒరినోకెన్సిస్ గురించి రాయాలంటే కొంచెం కష్టంగా ఉంది. అసలు ఒరినోకెన్సిస్ ఎంత అందమైనదంటే, మిగతావాటిలా నిలువు చారలు లేకుండా ఒంటి పక్కన మూడు గుండ్రని నల్ల మచ్చలు, ఒక్కోదాని చుట్టూ బంగారు అంచు, తోక మీది నెమలికన్నుకి తోడు ఇంకో మూడు కళ్లు తెరిచినట్టు ఉంటుంది. నాదానికి ఆ మూడూ వచ్చాయి, చాలా సంతోషపడ్డాను. కానీ మచ్చలు పైకీ కిందకీ సాగి చారల్లా మారుతున్నాయి, అంతకన్నా పెద్ద చిక్కు, కంటి వెనక మొప్ప మూత మీద రెండు నల్ల మరకలున్నాయి, ఒరినోకెన్సిస్‌కి అవి ఉండకూడదు. టెమెన్సిస్ దగ్గర వెతికి వెతికి దొరకని మరకలు దీని దగ్గర దొరికాయి. బహుశా ఎక్కడో ఫారంలో రెండిటినీ కలిపి పిల్లలు తీసినట్టున్నారు. ఈ జాతులు నదుల్లో కూడా అక్కడక్కడా కలుస్తాయి కాబట్టి ఫారంలో కలవడం వింత కాదు. దానికి నేను పేరు పెట్టడం మానేశాను. ఎవరైనా అడిగితే క్రాస్ అని చెప్తాను. ఇద్దరు దాన్ని జత కోసం అడిగారు, ఇవ్వలేదు, ఇస్తే దాని పిల్లలు ఇంకో షాపులో ఇంకో చీటీ కింద ఒరినోకెన్సిస్‌గా తేలతాయి. ఫ్లవర్‌హార్న్ కలగాపులగం చేపే, అందరికీ తెలిసే కొంటారు, అందులో మోసం లేదు. పీకాక్ బాస్‌ని మాత్రం నది పేరు చెప్పి అమ్ముతున్నారు. టెమెన్సిస్ అన్న పేరు వెనిజులాలో తేమి నది నుంచి వచ్చింది, ఒరినోకెన్సిస్ పేరులోనే ఒరినోకో ఉంది. నది పేరు పెట్టి అమ్మితే ఆ నది రక్తం అందులో ఉండాలి కదా.

షాపు తరఫున ఒక మాట చెప్పాలి, ఈ పేర్లు శాస్త్రవేత్తలకే తేలికగా తెమల్లేదు. 2006లో కులాండర్, ఫెరేరా అనే ఇద్దరు ఈ గుంపు మొత్తాన్ని మళ్లీ పరిశీలించి పదిహేను జాతులని తేల్చారు, వాటిలో తొమ్మిది కొత్తవి, కెల్బెరీ, పినిమా, పికిటీ అప్పుడే పేరు పొందాయి. 2012లో జన్యువులు చూసి చేసిన ఒక అధ్యయనం ఎనిమిదే అంది. ఆ లెక్కన మోనోకులస్, కెల్బెరీ, ప్లియోజోనా, నైగ్రోమాక్యులాటా అన్నీ ఓసెల్లారిస్ అనే ఒక్క పెద్ద జాతి కిందకి వచ్చేస్తాయి. 2020లో గయానాలోని ఎసెక్విబో నది నుంచి కాటరాక్టే అని ఇంకో కొత్తది చేరింది. టెమెన్సిస్ విషయంలో అయితే తెల్ల చుక్కల వరుసలున్నదీ, చుక్కలు పోయి మూడు నల్ల చారలు తేలినదీ వేరువేరు జాతులని జాలర్లు చాలాకాలం అనుకున్నారు, రెండూ ఒకటేనని, గుడ్లు పెట్టే కాలం దగ్గరపడితే చుక్కలు మాసిపోయి చారలు తేలతాయని తర్వాత తేలింది. ఈ షాపులో ఇప్పటికీ "స్పెకిల్డ్" ఒక ధర, "త్రీ బార్ టెమెన్సిస్" ఇంకో ధర. ఒకే చేపకి రెండు ధరలు.

వాడుక పేర్లు ఇంకా గందరగోళం. బటర్‌ఫ్లై అంటే ఏది? ఫ్లోరిడాలో ఉండే మా కజిన్ మయామీ కాలవల్లో పట్టిన చేప ఫోటో పంపి బటర్‌ఫ్లై అన్నాడు, అక్కడ తిలాపియా లాంటివాటిని అదుపు చేయడానికి ప్రభుత్వమే 1984లో వదిలింది, అది ఓసెల్లారిస్ కిందకి వస్తుంది. రియో నీగ్రోలో గాలం వేసేవాళ్లు ఒరినోకెన్సిస్‌ని బటర్‌ఫ్లై అంటారు. మన షాపుల్లో ఏది పసుపుగా ఉంటే అది బటర్‌ఫ్లై. ఒక్క "అజుల్" అన్న పేరు మాత్రం కొంచెం నమ్మదగ్గది, అది పికిటీ, రెక్కలు నీలంగా, ఒంటి మీద ఐదు చారలతో ఉంటుంది, ఎదిగినదాన్ని చూస్తే పొరపడటం కష్టం.

ఇంత గందరగోళం ఉన్నప్పుడు షాపువాళ్లు తప్పు చేయరా అని మీరనొచ్చు. కెల్బెరీ, మోనోకులస్ కలిసిపోతే నేనేమీ అనను, మూడంగుళాల్లో వాటిని విడదీయడం ఎవరి వల్లా కాదు. కానీ ఈ రెండిటినీ టెమెన్సిస్‌తో కలపడం వేరే సంగతి, పిల్లల్లో కూడా ఆ తేడా కళ్ల ముందే ఉంటుంది. మా అమ్మ చేపల మార్కెట్‌లో దూరం నుంచే ఇది కొర్రమీను, ఇది మట్టగిడస అని చెప్పేస్తుంది, పుస్తకం చదివి కాదు, రోజూ చూసి. రోజూ వందల పిల్లల్ని చూసే షాపుకి ఆ మాత్రం చూపు ఉండాలని కోరడం పెద్ద కోరికేం కాదు.

ఫోటోలు తీసుకుని షాపుకి వెళ్లాను. రద్దీ తక్కువ ఉంటుందని మంగళవారం పొద్దున వెళ్లాను. ఓనర్ టీ ఇప్పించి, ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు. "అన్నా, మీరన్నది కరెక్టే, ఇది టెమెన్సిస్ కాదు" అని ఒప్పుకున్నాడు, వాదించలేదు, అది నాకు నచ్చింది. "మరి పక్కా అని ఎలా చెప్పారు?" అన్నాను. "హోల్‌సేలర్ పంపిన కవరు మీద మార్కర్‌తో ఏం రాసుంటే అదే మేం చీటీ మీద రాస్తాం అన్నా. నేను మార్చి రాస్తే రేటు పడిపోతుంది, నాకు పడిన రేటు మాత్రం తగ్గదు కదా." ఈ మాట నిజం, అందులో ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ ఆ నష్టం ఎక్కడో ఆగాలి, ఇప్పుడది వరసగా చేతులు మారుతూ వచ్చి చివర్లో కొనేవాడి దగ్గర ఆగుతోంది. నాకు రెండు కిలోల పెల్లెట్ల డబ్బా ఫ్రీగా ఇస్తానన్నాడు. తీసుకోలేదు. డబ్బులు వెనక్కి అడగలేదు కూడా, చేపలు నావి, ఏ పేరైనా నేనే పెంచాను. ఒక్కటే అడిగాను, ఆ ట్యాంకు మీద చీటీ మార్చమని. "చూద్దాం అన్నా" అన్నాడు. మూడు వారాల తర్వాత వెళ్తే కొత్త పిల్లలు దిగి ఉన్నాయి, చీటీ మీద అదే టెమెన్సిస్, లోపల పిల్లలకి మూడు మచ్చలు.

దీనికి పక్కన పెట్టి చూడటానికి ఇంకో అనుభవం చెప్తాను. పోయిన డిసెంబర్‌లో పని మీద చెన్నై వెళ్లినప్పుడు కొళత్తూరు పోయాను, రంగు చేపల వ్యాపారానికి పెట్టింది పేరు, వీధులకి వీధులు అవే షాపులు. ఒక చిన్న షాపులో మూడంగుళాల పీకాక్ పిల్లలున్నాయి, చీటీ మీద ధర ఉంది గానీ జాతి పేరు లేదు. ఏ రకం అని అడిగితే ఆ పెద్దాయన తెలుగులోనే, "ఫారం పిల్లలు సార్. మోనోకులసో కెల్బెరీయో ఇప్పుడు చెప్పలేను. పెద్దయ్యాక రెక్కల కింద చుక్కలొస్తే కెల్బెరీ. తల్లిచేపల ఫోటో ఉంది, కావాలంటే చూడండి" అన్నాడు. ఫోటో చూపించాడు కూడా, బాగా ఎదిగిన చేపలు, రెక్కలు విప్పి ఉన్నవి. ధర 500. ఆ మాట విన్నాక ఆ షాపులో ఏది కొన్నా ధైర్యంగా కొనొచ్చనిపించింది. తెలియదు అని చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు, నాకు ఆయన మీద నమ్మకం కుదిరిందే అక్కడ.

మళ్లీ మన షాపుకి వస్తే, వాళ్లు చేసే ఇంకో పని గురించి రాయకపోతే అన్యాయం అవుతుంది. పెరిగిపోయి ఇంట్లో పట్టని చేపల్ని వెనక్కి తీసుకుంటారు, ఎక్కడ కొన్నదైనా సరే, కొంత ధర కట్టి దాణాగానో సామానుగానో ఇస్తారు. ఇది చాలా పెద్ద సేవ. పట్టని చేపని చెరువులో వదిలేస్తే ఏమవుతుందో మన దగ్గర దెయ్యం చేప చూపించింది, ట్యాంకు అద్దం శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది. పీకాక్ బాస్ అంతకన్నా ప్రమాదం, అది వేటాడే చేప. పనామాలోని గాటున్ సరస్సులోకి 1960ల చివర్లో చేరి, అక్కడ పుట్టి పెరిగిన చిన్న చేపల్ని చాలావరకు తుడిచిపెట్టేసింది. 1973లో దాని గురించి రాసినప్పుడు ఓసెల్లారిస్ అన్నారు, తర్వాత అది మోనోకులస్ అని సరిచేశారు, అంత పేరున్న సంఘటనలో కూడా పేరు పొరపాటు తప్పలేదు. కాబట్టి మీ దగ్గర ఏ చేప పెద్దదైపోయినా మూసీలోనో ఊరి చెరువులోనో వదలకండి, ఈ షాపుకి ఫోన్ చేస్తే మనిషిని పంపి తీసుకెళ్తారు. మా ఫ్రెండ్ ఒకడి దగ్గర ఎదిగిపోయిన ఆస్కార్లని అలాగే తీసుకెళ్లారు, డబ్బా, ఆక్సిజన్ అన్నీ వాళ్లే తెచ్చుకున్నారు.

చేపల ఆరోగ్యం, ప్యాకింగ్, వెనక్కి తీసుకోవడం, వీటికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. పేర్లకి ఒకటి, ఆ ఒకటి కూడా ఓనర్ తప్పు ఒప్పుకున్నందుకు. అక్కడ కొనాలనుకుంటే కొనండి, నేనూ మళ్లీ వెళ్తాను. కాకపోతే పీకాక్ బాస్‌కి మోనోకులస్ ధర మించి కట్టకండి, చీటీ మీద ఏం రాసున్నా సరే. టెమెన్సిసే కావాలంటే ఆరేడు అంగుళాలు దాటినది అడగండి, కంటి వెనక మరకలు మొదలయ్యాయో లేదో చూడండి, పొలుసులు కూడా గమనించండి, టెమెన్సిస్‌వి బాగా చిన్నవి, పక్కన ఒక వరుస లెక్కపెడితే వంద దాటుతాయి, మోనోకులస్‌వి అంత రావు, అయితే కదిలే చేప మీద లెక్కపెట్టడం అయ్యే పని కాదు, మంచి ఫోటో తీసి ఇంటి దగ్గర లెక్కపెట్టుకోవాలి. వల వేసి పట్టిన వెంటనే చూసి ఏమీ తేల్చకండి. భయపడిన చేప రంగు మార్చేస్తుంది, లేని చారలు ముదురుతాయి, ఉన్న మచ్చలు వెలిసిపోతాయి. లైట్లు వేసి గంట అయ్యాక, తిండి తిని తీరుబడిగా తిరుగుతున్నప్పుడు చూడాలి. తల్లిచేపల ఫోటో అడగండి, లేదంటే లేదనే చెప్పనివ్వండి. కొన్న రోజు రెండు వైపులా వీడియో తీసి దాచుకోండి, నాకు తర్వాత పనికొచ్చింది అదే.

మా ట్యాంకులో ఇప్పుడు కెల్బెరీలు మూడు, మోనోకులస్ ఒకటి, పేరు లేనిది ఒకటి. పెద్ద కెల్బెరీ పదమూడు అంగుళాలు దాటింది, నుదుటి మీద బుడిపె లేస్తోంది, మగదే అయ్యుండాలి. ట్యాంకులో ఇంకా చోటుంది కాబట్టి కొళత్తూరు పెద్దాయన దగ్గర రెండు ఒరినోకెన్సిస్ పిల్లలకి చెప్పి ఉంచాను, తల్లిచేపల ఫోటో పంపాడు, మచ్చలు గుండ్రంగా ఉన్నాయి, చెంపలు శుభ్రంగా ఉన్నాయి. వచ్చే నెల వస్తాయి. ఎనిమిది అంగుళాలు దాటాక ఏం తేలిందో ఇక్కడే కింద రాస్తాను.